స్టాన్ గెట్జ్ బోసా నోవా ఎలా వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

జాజ్ అంటే అర్థంకాని గోల అనేవాళ్లకి నేను ముందు చెప్పే పేరు అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్. ముఖ్యంగా 1962-63లో ఆయన బోసా నోవా, అంటే సాంబాకి జాజ్ కలిపిన బ్రెజిల్ సంగీతం, వాయించిన రికార్డింగులు. కాకపోతే వెనకాల పెట్టేసుకుని పని చేసుకుంటే హోటల్ లాబీ మ్యూజిక్‌లా వెళ్లిపోతాయి, అసలు అందం చెవికి అందదు, అందుకే కూర్చుని ఎలా వినాలో రాస్తున్నా.

ముందు గిటార్ పట్టుకోండి, శాక్సోఫోన్ తర్వాత. 'గెట్జ్/జిల్బెర్టో' ఆల్బమ్‌లో మొదటి పాట, 'ది గర్ల్ ఫ్రమ్ ఇపనేమా', హెడ్‌ఫోన్స్‌తో పెట్టండి. ఐదు నిమిషాలు దాటిన ఆల్బమ్ వెర్షనే వినాలి, ఎందుకంటే రేడియో కోసం వేసిన సింగిల్‌లో బ్రెజిల్ గాయకుడు, గిటారిస్ట్ జొవావ్ జిల్బెర్టో పోర్చుగీస్‌లో పాడిన భాగం మొత్తం కోసేశారు, నాకైతే అదే పాటకి ప్రాణం. ఆయన బొటనవేలు లావు (బేస్) తీగల మీద సమంగా నడుస్తుంటుంది, దానికి చేత్తో తాళం వేయండి. మిగతా వేళ్లతో వేసే కార్డ్స్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) మీ దెబ్బ మీద పడవు, కాస్త ముందో వెనకో పడుతుంటాయి. బ్రెజిల్ డ్యాన్స్ సంగీతం సాంబాలో పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము విడివిడిగా చేసే పనిని ఆయన ఒక్క గిటార్ మీదకి తెచ్చేశాడన్నమాట. ఈ లాగుడు మీ చేతికి తెలిసేదాకా రెండు మూడుసార్లు వినండి, తొందరేం లేదు.

ఇప్పుడు శాక్సోఫోన్. జొవావ్ తర్వాత అప్పటి ఆయన భార్య ఆస్ట్రుడ్ ఇంగ్లిష్‌లో పాడుతుంది, ఆ వెంటనే గెట్జ్ సోలో. గమకాలూ స్పీడూ ఏం చూపించడు, దాదాపు పాట ట్యూన్‌తోనే మొదలుపెట్టి మెల్లగా పక్కకి జరుగుతాడు. ఊపిరి కలిసిన మెత్తటి టోన్, అది ఆయన పాతతరం జాజ్ శాక్సోఫోనిస్ట్ లెస్టర్ యంగ్‌ని విని పెంచుకున్నది. ఒక్కో ముక్క వాయించాక ఎంతసేపు ఆగుతున్నాడో చూడండి, ఆ ఖాళీలోనే గిటార్ మళ్లీ పైకొస్తుంది, జాజ్, బ్రెజిల్ సంగీతం రెండూ నిజంగా కలిసేది అక్కడే అని నా నమ్మకం. తర్వాత ఈ పాటకి ట్యూన్ కట్టిన జోబిం పియానో, అందులో స్వరాలు ఇంకా తక్కువ.

ఆ తర్వాత కాస్త వెనక్కి వెళ్లి 'జాజ్ సాంబా' ఆల్బమ్ వినండి. 1962 ఫిబ్రవరి 13న వాషింగ్టన్‌లో ఒక చర్చి హాల్లో గిటారిస్ట్ చార్లీ బర్డ్‌తో ఒక్కరోజులో రికార్డ్ చేశారు, పాడేవాళ్లెవరూ లేరు. బిల్‌బోర్డ్ పాప్ చార్టులో నంబర్ వన్‌కి వెళ్లిన జాజ్ ఆల్బమ్ ఇది, 'డెసఫినాడో' సోలోకి గెట్జ్‌కి గ్రామీ కూడా వచ్చింది. రిథమ్ మాత్రం 1963లో న్యూయార్క్‌లో చేసిన 'గెట్జ్/జిల్బెర్టో' రికార్డింగంత వదులుగా ఉండదు, అమెరికన్ డ్రమ్మర్లు కదా, కొంచెం బిగుసుకుని ఉంటుంది. ఆ న్యూయార్క్ రికార్డింగులో బ్రెజిల్ డ్రమ్మర్ మిల్టన్ బనానా డ్రమ్స్‌తో పోల్చి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

మీరే శాక్సో, ఫ్లూటో వాయించేవాళ్లైతే 'గెట్జ్/జిల్బెర్టో'లోనే ఉన్న 'కొర్కోవాడో' పాట తీసుకోండి. మెట్రోనోమ్ (తాళం టిక్‌టిక్‌మని కొట్టే పరికరం) నెమ్మదిగా పెట్టి ముందు ట్యూన్ మాత్రమే, ఒక్క అలంకారం కూడా లేకుండా, బీట్‌కి రవ్వంత వెనకగా వాయించండి. అది నిలకడగా వచ్చాక, ఆ పాటలో గెట్జ్ వేసే చిన్న చిన్న ముక్కలు నేర్చుకోండి, సోలో జోలికి తర్వాత వెళ్లొచ్చు.