సముద్రం లెక్కలు చదువుదాం – 3వ పాఠం: మే నెలను మే నెలతోనే పోల్చాలి

పోయిన పాఠంలో ఉప్పదనాన్ని ఎలా కొలుస్తారో చూశాం. కిలో సముద్రపు నీళ్లలో సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఊళ్లలో వాటర్ ప్లాంట్ వాళ్లు ముంచి చూపించే టీడీఎస్ మీటరుదీ, సముద్రంలోకి దించే పరికరానిదీ ఒకటే సూత్రం: నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నిబట్టి ఉప్పు ఎంతో చెబుతాయి. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా ఆ పారకం దాదాపు 2 శాతం పెరుగుతుంది. అందుకే ఉప్పదనం కొలిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత కూడా కొలవాలి.

సముద్రమే లేని వరంగల్‌లో ఈ గొడవ మనకెందుకు అనేవాళ్లు ఒకసారి వానకాలంలో కాళేశ్వరం వెళ్లి ప్రాణహిత కలిసే చోట నిలబడి చూడండి. ఆ నీళ్లన్నీ చివరికి చేరేది బంగాళాఖాతంలోకే, అక్కడి ఉప్పును పలచబరచడానికే.

ఇక అసలు పాఠం. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సగటున 1 డిగ్రీ వేడెక్కింది. విశాఖ తీరంలో జనవరికీ మే నెలకీ మధ్య వచ్చే తేడానే దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది. అంటే మనం వెతికే మార్పు చిన్నది, దాన్ని కప్పేసే కాలాల ఊగిసలాట పెద్దది.

ఉప్పదనం సంగతి ఇంకా చిక్కు. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తూర్పు తీరం వెంట ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లను కూడా ఒడ్డు పట్టుకుని మోసుకొస్తుంది. ఫిబ్రవరి తర్వాత అదే ప్రవాహం ఉత్తరానికి మళ్లి ఉప్పునీళ్లు తెస్తుంది. దీన్ని తీరం పొడవునా మత్స్యకారులు సీసాల్లో పట్టిన నీళ్లతోనే తేల్చారు, 2014లో ఆ అధ్యయనం అచ్చయింది. కోట్లు పోసిన ఉపగ్రహాల కంటే నాకు ఆ సీసాలే ఎక్కువ నచ్చుతాయి. ఒడ్డుకు మరీ దగ్గర నీళ్లలో ఉప్పదనాన్ని ఉపగ్రహం సరిగా చదవలేదు.

ఈ ఊగిసలాటను తీసేయడం ఎలా? ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు పెరిగిందో లేదో తెలియాలంటే ఈ మార్చి రేటును పోయిన మార్చి రేటుతో చూస్తాం గానీ ఆగస్టుతో చూడం కదా. ఇదీ అంతే. ముందు ప్రతి నెలకూ 30 ఏళ్ల సగటు తీయాలి (ఇప్పుడు ఎక్కువగా వాడేది 1991–2020). దాన్ని ఆ నెల ‘సాధారణం’ అందాం. ఈ ఏడాది కొలతలోంచి సాధారణాన్ని తీసేస్తే మిగిలేది ‘తేడా’.

లెక్క చేసి చూద్దాం. ఇవి అభ్యాసానికి వేసుకున్న అంకెలు, నిజమైన కొలతలు కావు. ఉష్ణోగ్రత సాధారణం: జనవరి 26.4, మే 29.8, అక్టోబరు 28.6. ఈ ఏడాది: 27.1, 30.1, 29.0. తేడాలు +0.7, +0.3, +0.4. అన్నిటికంటే చల్లగా ఉన్న జనవరిలోనే అసలు వేడి ఎక్కువగా దాగి ఉంది. ఒట్టి డిగ్రీలు చూస్తే ఇది కనబడదు.

ఇప్పుడు చాలామంది పడే గుంట చూపిస్తాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. మీకు నీళ్లు తెచ్చేది ఆ పడవే అయితే మే కొలత ఉండదు. మిగిలిన రెండు నెలల సగటు 28.05. సాధారణం మూడు నెలల సగటేమో 28.27. అరె, సముద్రం చల్లబడింది! ప్రతి నెలా వేడెక్కిన ఏడాదిని పట్టుకుని చల్లబడిందని రాసేస్తాం. అదే తేడాల సగటు తీయండి: మే ఉంటే +0.47, లేకపోతే +0.55. కొలత పోయినా కథ మారలేదు. తేడాలు వాడమని నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇంకో జాగ్రత్త. ఏళ్ల తరబడి తేడాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూపే గీత గీసేటప్పుడు మొదటి ఏడాది, చివరి ఏడాది ఎలాంటివో చూసుకోవాలి. 2015–16 లాంటి బలమైన ఎల్ నినో (పసిఫిక్ మహాసముద్రపు నడిమి, తూర్పు నీళ్లు మామూలుకంటే వేడెక్కడం) చివర్లో పడితే గీత ఉన్నదానికంటే నిటారుగా లేస్తుంది. ఉష్ణోగ్రత విషయంలో పొడవాటి రికార్డు ఉంటే దిశ తేలుతుంది. తీరపు ఉప్పదనంలో మాత్రం పదేళ్ల లెక్క చూసి ‘వాతావరణ మార్పు’ అని ఎవరైనా అంటే నేను నమ్మను. ఒక పెద్ద గోదారి వరద, హిందూ మహాసముద్రపు డైపోల్ (పడమటి, తూర్పు భాగాల్లో ఒకటి వేడెక్కితే ఇంకోటి చల్లబడే ఊగిసలాట) ఒక్కసారి అటో ఇటో ఊగడం చాలు, ఆ పదేళ్ల గీత తలకిందులవుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి ఏడాది మీ గీతకు ఏ చివరన పడిందో చూడకుండా ముందుకు పోవద్దు.

ఇంటి పని: ఇవీ అభ్యాసపు అంకెలే. ఉప్పదనం సాధారణం జనవరి 31.5, మే 34.0, అక్టోబరు 27.0. ఈ ఏడాది 31.2, 34.1, 24.5. తేడాలు తీసి సగటు కట్టండి. తర్వాత అక్టోబరు సీసా పగిలిపోయిందనుకుని మళ్లీ కట్టండి. ఈసారి తేడాల పద్ధతి కూడా మిమ్మల్ని కాపాడదు. ఎందుకో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.