మొక్కను చదవడం – 5వ పాఠం: కోకో ఒంటి మీద నీడ గుర్తులు

పోయిన పాఠంలో ఆకును చూసి వెలుగును అంచనా కట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఒకే చెట్టును కాండం నుంచి గింజ దాకా చదువుదాం. ఏలూరు, కోనసీమ వైపువాళ్లకు కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో అలవాటే. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కానీ దాని పుట్టిల్లు అమెజాన్ ఎగువ వర్షారణ్యం. అక్కడ ఆకాశాన్నంటే చెట్ల కింద, నీడలో బతికే చిన్న చెట్టు ఇది. ఆ నీడ గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడమే ఇవాళ్టి పని.

ముందు కాండం. గింజ నుంచి వచ్చిన మొక్క నిటారుగా ఒంటి కాండంతో ఎదుగుతుంది. మీటరు, మీటరున్నర ఎత్తుకి రాగానే పైమొగ్గ ఆగిపోతుంది. అక్కడే ఓ ఐదు కొమ్మలు గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుంటాయి. నిటారు కాండం మీద ఆకులు చుట్లు తిరుగుతూ వస్తాయి. పక్క కొమ్మల మీద మాత్రం అటొకటి ఇటొకటిగా రెండు వరుసల్లో పరుచుకుంటాయి. ఒకదాని నీడ ఒకదాని మీద పెద్దగా పడదు. పైనుంచి జారే కాస్త వెలుగును వదులుకోకూడదు కదా! ఇంకా ఎత్తుకి పోవాలంటే ఆ గొడుగు కింద నుంచి కొత్త నిటారు కొమ్మ లేచి, పైన మరో గొడుగు పరుస్తుంది.

చిగురు చూసి మోసపోకండి. లేత ఆకులు ఎర్రగానో పాలిపోయినట్టో ఉండి, తడిగుడ్డల్లా వేలాడతాయి. మొదటిసారి చూసినప్పుడు చెట్టు వడలిపోయిందనుకుని బిందెడు నీళ్లు పోశాను. కొన్నాళ్లకు అవే పచ్చబడి గట్టిపడ్డాయి.

ఇప్పుడు పూలు. కొమ్మ చివర్లో వెతికితే దొరకవు. మాను దగ్గర వంగండి. బెరడు మీద చిన్న బొడిపెలుంటాయి. ఏటా పూలు వచ్చేది వాటి నుంచే, అందుకే గోరుతో గీకొద్దు. పువ్వు గోరంతే, ఐదు రేకులు. రేకు అడుగు సంచిలా ఉబ్బి పుప్పొడిని దాచుకుంటుంది. తేనెటీగ అందులో పట్టదు. పుప్పొడి మోసే పని చేసేది ముఖ్యంగా రెండు మూడు మిల్లీమీటర్లు కూడా దాటని, దోమల్లాంటి చిన్న ఈగలు (మిడ్జ్‌లు). అవి పిల్లల్ని పెట్టేది కింద తడిగా కుళ్లే ఆకుల్లో, కాయ తొక్కల్లో. తోట శుభ్రంగా ఉండాలని ఆకు మొత్తం ఊడ్చేసేవాళ్లు కాయల్ని కూడా ఊడ్చుకుంటున్నట్టే. అసలే వంద పూలలో కాయలయ్యేవి చాలా తక్కువ. మిగతావి ఒకట్రెండు రోజుల్లో రాలిపోతాయి.

కోకో మన బెండ, పత్తి, మందారల కుటుంబమే. కానీ పత్తికాయలా ఎండి పగలదు, పండినా చెట్టునే అంటిపెట్టుకుంటుంది. కోతో ఉడతో వచ్చి తొక్క కొరికి, తియ్యటి గుజ్జు చప్పరించి, చేదు గింజను ఉమ్మేయాలి. గింజ ఎండితే చచ్చిపోతుంది. ఏడాది పొడుగునా తడిగా ఉండే అడవిలో ఎండాకాలం గడిచేదాకా ఎండిపోయి కాచుకునే అవసరం దానికి రాలేదు.

అభ్యాసం: పండిన కాయ ఒకటి కోయండి. ఐదు గింజల గుజ్జు చప్పరించి అదే రోజు కుండీలో నాటండి. ఇంకో ఐదు పదిహేను రోజులు ఎండబెట్టి నాటండి. ఏది ఎన్నో రోజున మొలిచిందో నోట్సులో రాయండి.

వచ్చే పాఠం యాలకుల మొక్క. అదీ నీడ మొక్కే. పూలు ఎక్కడ పూస్తుందో ఈలోపు ఊహించి, ఒక బొమ్మ గీసి పెట్టుకోండి.