వీధిలో తాత్కాలిక చెక్క బల్లలు, మొక్కల తొట్టెల ఏర్పాటుకు పురపాలక అనుమతి: దరఖాస్తు విధానం

కాలనీ కూడలిలోనో, గ్రంథాలయం ముందరి ఖాళీ జాగాలోనో కొన్ని నెలలపాటు చెక్క బల్లలు, మొక్కల తొట్టెలు కలిపి నలుగురు కూర్చునే పచ్చని చోటును ఏర్పాటు చేయదలచిన కాలనీ, యువజన, మహిళా సంఘాలు, ఆ జాగా తమ ఇళ్ల ముందరిదే అయినా అది ప్రజాస్థలమైతే లిఖితపూర్వక అనుమతి తీసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి. 2005లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వాహనం నిలిపే చోటును రుసుము చెల్లించి కొద్ది గంటలపాటు గడ్డి, బల్ల, చెట్టుతో చిన్న ఉద్యానంగా మార్చినప్పటి నుంచి ఇటువంటి ఏర్పాట్లు అనేక నగరాలకు వ్యాపించాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాలలో వాహనాల రద్దీ కంటే ఎండ, నీరు, వీధి పశువులు పెద్ద సమస్య కనుక దరఖాస్తును వాటిని దృష్టిలో ఉంచుకుని రాయాలి.

రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాలకు గాని, కట్టడాలకు గాని అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. వీధుల అభివృద్ధి, సుందరీకరణ, ప్రజా సౌకర్యాలకు సంబంధించిన పనులకు అదే ఉత్తర్వులో మినహాయింపు ఉంది. కాబట్టి ఏర్పాటుకు పునాది ఉండదనీ, నేలలో తవ్వకం జరగదనీ, ఫలానా తేదీకి పూర్తిగా తొలగిస్తామనీ దరఖాస్తు మొదటి పేరాలోనే స్పష్టంగా రాయాలి. నా అభిప్రాయంలో దరఖాస్తు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ తొలగింపు తేదీయే. అది లేని కాగితాన్ని ఏ అధికారి అయినా శాశ్వత ఆక్రమణకు తొలి అడుగుగానే చూస్తాడు.

స్థలం ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి. పట్టణ అంతర్గత వీధులు, పురపాలక పార్కుల విషయంలో కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి. మహబూబ్‌నగర్ మీదుగా వెళ్లే 167వ, నల్లగొండ మీదుగా వెళ్లే 565వ జాతీయ రహదారుల అంచులు గాని, రోడ్లు భవనాల శాఖ రోడ్లు గాని ఎంచుకుంటే పురపాలక అనుమతి ఒక్కటే సరిపోదు. అటువంటి చోట్లను వదిలి లోపలి వీధిని చూసుకోవడమే మేలు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మోరీ మూతల మీద, బోరు పంపుల దగ్గర స్థలం అడగకూడదు.

దరఖాస్తుకు సంఘం తీర్మానం, బాధ్యులిద్దరి గుర్తింపు పత్రాలు, స్థలం ఫొటోలు, ఎదుటి ఇళ్లవారి, దుకాణదారుల సమ్మతి సంతకాలు, కొలతలతో గీసిన పటం జతచేయాలి. కాలిబాట మీద పెడుతుంటే, నడిచేవారికి అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు మిగులుతుందని పటంలో చూపాలి. రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం అదే, రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడి దాటాలన్నా ఆ మేరకు దారి కావాలి. బరువును చాలామంది పట్టించుకోరు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల తొట్టెలో తడిసిన మట్టి నాలుగు క్వింటాళ్ల దాకా తూగుతుంది కనుక, మట్టిలో కొబ్బరి పొట్టు కలుపుతామనీ, అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంచి, చెదలు పట్టకుండా తొట్టెను ఇటుకల మీద ఎత్తి పెడతామనీ రాయడం మంచిది.

చెక్కను సామిల్లులో కొంటే బిల్లు జతచేయాలి. చెట్ల నరికివేతకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి అవసరం కాబట్టి చెక్క ఎక్కడిదన్న ప్రశ్న రావచ్చు. పాత ప్యాకింగ్ చెక్కలు వాడేవారు వాటిపై ‘హెచ్‌టీ’ ముద్ర ఉన్నవాటినే ఎంచుకోవాలి. చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు శుద్ధి చేశారని దాని అర్థం. ‘ఎంబీ’ ముద్ర ఉంటే విషవాయువుతో శుద్ధి చేసినట్టు, వాటిని పిల్లలు కూర్చునే బల్లలకు వాడరాదు. మొక్కలలో గన్నేరు ఎండకు బాగా ఓర్చుకున్నా అన్ని భాగాలూ విషపూరితమే కనుక దాన్ని మానుకుని, మందార, నందివర్ధనం, కరివేపాకు వంటివి పేర్కొనవచ్చు. మేకల నుంచి కాపాడే అల్లిక కంచెను కూడా పటంలో చూపాలి.

నీరు ఎవరు పోస్తారన్నది వారాలవారీగా పేర్లతో రాసి ఇవ్వాలి. వర్షాలు తగ్గిన తరువాత అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుమతి కోరితే నీటి అవసరం, చెక్క ఉబ్బే సమస్య రెండూ తక్కువగా ఉంటాయి. ఆగస్టులోనే దరఖాస్తు ఇస్తే పరిశీలనకు వ్యవధి దొరుకుతుంది.

దరఖాస్తును రెండు ప్రతులుగా తీసుకెళ్లి, ఒకటి ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, రెండవదానిపై ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలి. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి కాబట్టి మొక్కల వరకు సహాయం కోరడంలో తప్పులేదు. అదే చట్టం కింది వార్డు కమిటీలలో యువత, మహిళలు, వయోవృద్ధుల కమిటీలు కూడా ఉంటాయి. వారి సిఫారసు లేఖ జతచేస్తే స్థానిక అభ్యంతరాలు ముందే తేలిపోతాయి. స్థల పరిశీలనకు సిబ్బంది వచ్చిన రోజున తొట్టెల చోట్లను సున్నంతో గీసి ఉంచితే మాటల్లో వివరించే పని తగ్గుతుంది.

జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇన్‌వార్డు నంబరుతో అర్జీ ఇవ్వవచ్చు. ఫైలు ఏ దశలో ఉందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

అనుమతి పత్రం వచ్చాక దాని ప్రతిని, తొలగింపు తేదీతో సహా, బల్లకే అతికించాలి. గడువు పొడిగింపు కావాలంటే ఆ తేదీకి ముందే రాయాలి. తొలగించిన తరువాత మొక్కలను పార్కుకు గాని, పాఠశాలకు గాని అప్పగించి రసీదు తీసుకుని, ఖాళీ చేసిన స్థలం ఫొటోలతో కలిపి కార్యాలయంలో దాఖలు చేయాలి. మరుసటి ఏడాది ఇదే సంఘం మళ్లీ అడిగితే ఆ కాగితాలే జతచేయవచ్చు.