జావా, జావాస్క్రిప్ట్ ఫంక్షన్ల మధ్య ఎన్ని విలువలైనా పంపడం ఎలా?

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో కొట్టు బిల్లు రెండుసార్లు ఒకేలా ఉండదు. ఒకరు చింతపండు ఒక్కటే కొంటారు, ఇంకొకరు పసుపు, కందులు, కొండచీపుర్లు అంటూ పది రకాలు తీస్తారు. సరుకుల పేర్లు తెలుగులోనూ ఉండాలి, ఒడియాలోనూ ఉండాలి. బిల్లు ప్రోగ్రాం జావాలో ఉంచి, తగ్గింపుల లెక్క జావాస్క్రిప్ట్ ఫైల్లో పెడితే, లెక్క మారినప్పుడల్లా మళ్ళీ కంపైల్ చేసే పని ఉండదు. చిక్కల్లా ఎన్ని ధరలు వస్తాయో ముందే తెలియకపోవడమే.

కింది కోడ్‌లో కీవర్డులు, లైబ్రరీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. మీరు పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా రెండు భాషలూ ఒప్పుకుంటాయి.

మొదట ఇంజిన్, అంటే జావా లోపల జావాస్క్రిప్ట్‌ని నడిపే భాగం, ఉందో లేదో చూడండి. జావా 8తో 2014లో వచ్చిన ఇంజిన్ నాషోర్న్‌ని జావా 15లో తీసేశారు. ఆ తర్వాతి వెర్షన్లలో గ్రాల్‌జేఎస్ అనే ఇంకో ఇంజిన్ గానీ, విడిగా దొరికే నాషోర్న్ గానీ చేర్చుకోవాలి. లేకపోతే ఇంజిన్‌ని పేరుతో వెతికే గెట్‌ఇంజిన్‌బైనేమ్ ఎర్రర్ ఏమీ చూపకుండా నల్ (ఏమీ లేదు అనే విలువ) ఇస్తుంది, ప్రోగ్రాం ఆ తర్వాతి లైన్లో ఆగిపోతుంది.

తర్వాత జావాస్క్రిప్ట్ ఫంక్షన్:

ఫంక్షన్ మొత్తం(ఖాతా, ...ధరలు)

మిగతా విలువలన్నిటినీ ఒక అర్రే (వరుస జాబితా)గా చేర్చే మూడు చుక్కల ఈ పద్ధతి జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంలో వచ్చింది, గ్రాల్‌జేఎస్‌లో పనిచేస్తుంది. నాషోర్న్‌లో మాత్రం వచ్చిన విలువలన్నీ ఉండే ఆర్గ్యుమెంట్స్‌నే వాడండి. అది అసలైన అర్రే కాదు కాబట్టి మ్యాప్, రెడ్యూస్ దాని మీద నడవవు. 0వది ఖాతా కాబట్టి, 1 నుంచి లెంగ్త్ కంటే ఒకటి తక్కువ దాకా లూప్ తిప్పండి.

ఎక్కువమంది బోల్తా పడేది జావా నుంచి పిలిచే చోటే. జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌ని పిలిచే ఇన్వోక్‌ఫంక్షన్ చివరి పరామితి ఆబ్జెక్ట్... రకం, అంటే లోపల అదొక అర్రే.

ఇన్వోక్‌ఫంక్షన్("మొత్తం", "సంత", 120, 85, 40)

ఇలా పిలిస్తే నాలుగు విలువలూ విడివిడిగా వెళ్తాయి. అదే "సంత" పక్కన ధరల అర్రే పెడితే, అర్రే మొత్తం ఒకే విలువగా వెళ్తుంది. సున్నాకి దాన్ని కలపబోతే కూడిక జరగదు, సున్నా పక్కన ఏవో అక్షరాలు అతుక్కుంటాయి. ఖాతా పేరు, ధరలు అన్నీ ఒకే ఆబ్జెక్ట్[] లోకి సర్ది, ఆ ఒక్క అర్రేనే పంపండి. ఇంట్[] అయితే ఒంటరిగా పంపినా విడిపోదు. దాని అంశాలు ఆదిమ రకానివి, ఆబ్జెక్టులు కావు.

వచ్చిన జవాబుని ఇంటిజర్‌గా కాస్ట్ చేయకండి. ఒకసారి ఇంటిజర్, ఒకసారి డబుల్ వస్తుంది. నంబర్‌గా తీసుకుని డబుల్‌వాల్యూ పిలిస్తే ఏ బాధా లేదు.

జావాస్క్రిప్ట్ నుంచి జావాకి రావాలంటే జావా మెథడ్‌ని పబ్లిక్ క్లాసులో పబ్లిక్‌గా, కలుపు(డబుల్... ధరలు) అని రాయండి. జావాస్క్రిప్ట్‌లో ఆ క్లాసు ఆబ్జెక్టు అందుబాటులో ఉంటే దాని మీద కలుపు(10, 20, 30) అని పిలవచ్చు. చేతిలో ఉన్నది జావాస్క్రిప్ట్ అర్రే అయితే నాషోర్న్‌లో జావా.టు(ధరలు, "డబుల్[]") తో మార్చి ఇవ్వండి, గ్రాల్‌లో మూడు చుక్కలతో విప్పి ఇవ్వండి. గ్రాల్‌లో మెథడ్ దొరకలేదంటే, హోస్ట్ యాక్సెస్ (జావా ఆబ్జెక్టుల్ని వాడుకునే) అనుమతి ఇచ్చారో లేదో ముందు చూడండి. అడగనిదే అది ఆ తలుపు తెరవదు.

ఒడియా పేర్లు చెత్త అక్షరాలుగా వస్తే తప్పు పంపడంలో లేదు, ఫైలు చదవడంలో ఉంది. జావా 18కి ముందు ఫైల్‌రీడర్ ఆ కంప్యూటర్ ఎన్‌కోడింగే (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) వాడుతుంది. ఫైల్స్.న్యూబఫర్డ్‌రీడర్‌తో తెరవండి, అది యూటీఎఫ్-8 గానే చదువుతుంది. ఆ పాత వెర్షన్లలో జావా ఫైళ్ళని కంపైల్ చేసేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పాలి, లేకపోతే "మొత్తం" అనే ఫంక్షనే లేదనవచ్చు.