ఎలక్ట్రోలైట్ మెషిన్‌లో ఎలక్ట్రోడ్లు ఎక్కువ కాలం నడవాలంటే

రోహిణి కార్తె వచ్చిందంటే వరంగల్ ల్యాబుల్లో ఎలక్ట్రోలైట్ మెషిన్‌కి, అంటే రక్తంలో సోడియం, పొటాషియం లాంటి లవణాలు కొలిచే మెషిన్‌కి, శాంపిళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. వడదెబ్బ కేసులు, వాంతులు విరేచనాల కేసులు, వీళ్లకు తోడు ఎప్పుడూ ఉండే డయాలసిస్ పేషెంట్లు. ఆ టైంలో క్యాలిబ్రేషన్ (తెలిసిన విలువలున్న ద్రవంతో మెషిన్‌ని సరిచూసుకోవడం) ఫెయిల్ అయితే టెన్షన్‌లో మొదట చేసే పని కొత్త ఎలక్ట్రోడ్, అంటే ఆ లవణాలను పసిగట్టే భాగం, ఆర్డర్ పెట్టడం. దయచేసి ఆగండి. చాలాసార్లు ఎలక్ట్రోడ్ పాడై ఉండదు, మురికి పట్టి ఉంటుంది, లేదంటే లోపలి ద్రవం తగ్గి ఉంటుంది.

ఎలక్ట్రోడ్ కొలిచేది మిల్లీవోల్టులను. ఒక్క మిల్లీవోల్ట్ తేడా వచ్చినా లీటరుకు 140 మిల్లీమోల్స్ ఉన్న సోడియం 145 దాటి కనిపిస్తుంది, అంటే నార్మల్ మనిషి రిపోర్టు మారిపోతుంది. అందుకే శుభ్రత విషయంలో ఇంత పట్టుదల.

కొత్త ఎలక్ట్రోడ్ పెట్టేటప్పుడు ఫిల్లింగ్ సొల్యూషన్ (లోపల పోసే ద్రవం) మాన్యువల్‌లో చెప్పినంత నింపి, లోపల బుడగ ఉందేమో వెలుతురుకు పట్టుకుని చూడండి. బుడగ ఉంటే నిలువుగా పట్టుకుని వేలితో మెల్లగా తడితే పైకి లేస్తుంది. ఓ-రింగ్ (లీక్ కాకుండా పెట్టే రబ్బరు రింగు) సరిగ్గా కూర్చోకపోతే గాలి లాగుతుంది, అది కూడా చూసుకోండి. పెట్టగానే క్యాలిబ్రేషన్ కొట్టకండి, కాసేపు స్టాండర్డ్‌లో (తెలిసిన విలువలున్న ఆ ద్రవంలో) నానాలి, తర్వాత మిగిలిపోయిన సీరం, అదీ హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్-బి పరీక్ష) నెగటివ్ అని తెలిసినది, మూడు నాలుగు సార్లు నడిపితే పొటాషియం మెంబ్రేన్ (ఎలక్ట్రోడ్‌లో శాంపిల్ తగిలే పలుచని పొర) నిలకడకు వస్తుంది.

రోజూ పని అయిపోయాక డీప్రోటీనైజర్ (పేరుకున్న ప్రోటీన్ మురికిని కరిగించే ద్రవం) పెట్టాలి. అందులో పెప్సిన్ లాంటి ఎంజైమ్ ఉంటే దానికి పనిచేసే టైం ఇవ్వాలి, ఇలా లాగి అలా కడిగేస్తే ఏం లాభం లేదు. సోడియం కండిషనర్ మాత్రం గాజు సోడియం ఎలక్ట్రోడ్ ఉన్న మెషిన్లకే, మాన్యువల్‌లో రాసిన వ్యవధికే. అది గాజు పై పొరను కొద్దిగా తినేసి కొత్త పొర బయటపెడుతుంది, కాబట్టి ఎక్కువసార్లు వాడితే ఎలక్ట్రోడ్ ఆయుష్షు తగ్గుతుంది. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి, గాజు బీకర్‌లో అసలు పోయకండి. శుభ్రం చేశాక మళ్లీ సీరం నడిపి, అప్పుడు క్యాలిబ్రేట్ చేసి, కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన తనిఖీ శాంపిళ్లు) సరిపోయాకే పేషెంట్ శాంపిల్ పెట్టండి. స్పిరిట్‌తో తుడిచే అలవాటు ఉంటే మానుకోండి, మెంబ్రేన్ దెబ్బతింటుంది.

స్లోప్ విలువలు, అంటే లవణం గాఢత పది రెట్లు మారితే ఎన్ని మిల్లీవోల్టులు మారుతాయనే లెక్క, రోజూ రాసి పెట్టుకోవడం నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. 37 డిగ్రీల దగ్గర సోడియం, పొటాషియంలకు సిద్ధాంతం ప్రకారం స్లోప్ 61.5 మిల్లీవోల్టులు, మెషిన్‌లో అంతకంటే కొంచెం తక్కువే వస్తుంది, ఎంతవరకు ఒప్పుకోవాలో కంపెనీ ఇస్తుంది. నెమ్మదిగా పడిపోతుంటే ఎలక్ట్రోడ్ ముసలిదవుతున్నట్టు, ఒక్కరోజులో పడితే మురికో బుడగో. సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ ఒకేసారి ఊగుతుంటే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (మిగతావాటిని పోల్చి కొలిచే స్థిరమైన ఎలక్ట్రోడ్) చూడండి, దాంట్లో పొటాషియం క్లోరైడ్ తగ్గి ఉంటుంది లేదా చుట్టూ తెల్లగా ఉప్పు గడ్డ కట్టి ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిస్తే పోతుంది. రిఫరెన్స్ బాగుంటే ఎర్తింగ్ చూపించండి.

రాత్రి మెషిన్ స్విచ్ ఆఫ్ చేయకండి, స్టాండ్‌బైలో ఉంటేనే అది అప్పుడప్పుడు స్టాండర్డ్ లాగి ఎలక్ట్రోడ్లను తడిగా ఉంచుతుంది. మన ఎండలకు ఏసీ, కరెంటు పోతే యూపీఎస్ ఉండాల్సిందే.

చివరగా శాంపిల్ సంగతి. పరకాల, నర్సంపేట వైపు నుంచి రక్తం అలాగే ఐస్‌లో పెట్టి బస్సులో పంపితే పొటాషియం కణాల్లోంచి బయటికి వచ్చి ఎక్కువ చూపిస్తుంది, అక్కడే సెంట్రిఫ్యూజ్ చేసి సీరం పంపమనండి. ఈడీటీఏ ట్యూబ్ (రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబ్) రక్తం కొంచెం కలిసినా పొటాషియం పెరిగి కాల్షియం పడిపోతుంది. ఫైబ్రిన్ దారం (రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే పోగు) కనిపిస్తే తీసేసి, మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేశాకే ప్రోబ్ కింద పెట్టండి.