పింక్ ఫ్లాయిడ్‌ను మొదటిసారి ఎలా వినాలి

ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌ను ముప్పై ఏళ్లుగా వింటున్నవాణ్ని కాబట్టి కాస్త పెత్తనం చేస్తాను. అందరూ 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు. మీరు 1975లో వచ్చిన ‘విష్ యూ వర్ హియర్’తో మొదలుపెట్టండి. ఉన్నవి ఐదే ట్రాకులు, ముప్పావుగంట లోపే.

ముందు ఫోనులో షఫుల్ ఆపండి. పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా సెట్టింగు మార్చండి. ఇయర్‌ఫోన్లు ఖరీదైనవి కానక్కర్లేదు, గది మాత్రం నిశ్శబ్దంగా ఉండాలి.

మొదటి ట్రాకులో గొంతు వినపడడానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. ముందుకు జరపకండి! దాదాపు నాలుగో నిమిషంలో డేవిడ్ గిల్మోర్ గిటారు మీద నాలుగే స్వరాలు మీటి ఆగుతాడు. నాకు ఇప్పటికీ అక్కడ ఊపిరి ఆగుతుంది.

మూడో పాట చివర శబ్దం ఉన్నట్టుండి పాత రేడియోలోలా సన్నబడుతుంది. క్యాసెట్ పాడైందనుకుని నేను టేప్ రికార్డర్‌ను రెండు తట్లు తట్టాను. అది వాళ్లు కావాలనే చేసింది.

రెండోసారి వినేముందు ఒక్కటి తెలుసుకోండి. ఆ మొదటి పాట, 1968లో బృందానికి దూరమైన సిడ్ బారెట్ గురించి. 1975 జూన్‌లో అతను గుండుతో, కనుబొమలు కూడా గొరిగేసుకుని, ఈ ఆల్బమ్ రికార్డవుతున్న ఆబీ రోడ్ స్టూడియోకి వస్తే, పాత మిత్రులే ముందు గుర్తుపట్టలేదు.

ఇక దీపం ఆర్పి, మళ్లీ మొదటినుంచి పెట్టండి.