మ్యాప్‌లో తోడేలు చుక్కను ఎంతవరకు నమ్మాలి?

జనం తాము చూసిన జీవుల ఫొటోలను, చోటుతో సహా నమోదు చేసే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్. అందులో ఒక్కో నమోదు మ్యాప్‌పై ఒక్కో చుక్కగా కనిపిస్తుంది. అక్కడ ఎక్స్‌ప్లోర్ పేజీ తెరిచి, జీవి పేరు దగ్గర కానిస్ లూపస్ అని శాస్త్రీయ నామమే కొట్టండి. మామూలు పేర్లతో వెతికితే వేరే జంతువులూ వచ్చి చేరతాయి. తర్వాత మ్యాప్‌ను కావలసిన చోటికి జరిపి, అక్కడికే వెతుకులాటను పరిమితం చేయండి. ఫిల్టర్లలో రీసెర్చ్ గ్రేడ్ (జీవి పేరును ఇతరులూ ఒప్పుకున్న నమోదులు) ఎంచుకోండి. తేదీ పెట్టేటప్పుడు జంతువును చూసిన తేదీయే ఎంచుకోండి, అప్‌లోడ్ చేసిన తేదీ కాదు. పాత ఫొటోలు ఏళ్ల తర్వాత ఎక్కించేవాళ్లు చాలామంది.

రీసెర్చ్ గ్రేడ్ ముద్రకు ఇద్దరు ఒకే పేరు చెప్పినా సరిపోవచ్చు. కాబట్టి ఫొటో తెరిచి చూడండి. పొడుగు కాళ్లు, ఇరుకైన ఛాతీ, కిందికి వేలాడే తోక ఉంటే తోడేలు కావచ్చు. తోక చుట్టుకుని పైకి లేచి ఉంటే అది కుక్కే అనుకోవాలి.

అసలు చిక్కు చుక్క దగ్గరే ఉంది. సూదిలాంటి గుర్తు ఉంటే అది చూసినవాళ్లు ఇచ్చిన చోటు. దాని చుట్టూ ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో కూడా చదవండి. ఉత్త గుండ్రని గుర్తయితే చోటును కావాలనే మరుగుపరిచారని అర్థం. అలాంటప్పుడు 0.2 డిగ్రీల పొడవు, 0.2 డిగ్రీల వెడల్పు ఉన్న గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ గడి ఒక్కో వైపు దాదాపు 22 కిలోమీటర్లు. ఎంత జూమ్ చేసినా ఏమీ తెలియదు. అలాంటి చుక్కలు పది కలిపి సగటు తీస్తే గడి నడిబొడ్డు వస్తుందే తప్ప తోడేళ్ల గుంపు దొరకదు.

చోటును తెలిపే అంకెలను వేరే మ్యాప్‌లోకి ఎక్కించేటప్పుడు ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఇవ్వాలి. జియోజేసన్ (మ్యాప్ సమాచారం దాచే ఒక ఫైలు రకం) ఫైళ్లలో మాత్రం వరుస తిరగబడుతుంది. అక్షాంశం 17 డిగ్రీల 30 నిమిషాలంటే 17.5, దాన్ని 17.30 అని కొడితే 22 కిలోమీటర్లు పక్కకు పోతారు.

చుక్కలు లేని చోట తోడేళ్లు లేవనుకోకండి. జాతి ఫిల్టర్ తీసేసి, అదే చోట మిగతా జంతువుల నమోదులు ఎన్ని ఉన్నాయో చూడండి. అవీ లేకపోతే అటువైపు నమోదు చేసేవాళ్లే వెళ్లలేదన్నమాట. దారుల వెంట చుక్కలు గుమిగూడటానికి కారణం కూడా మనుషుల రాకపోకలే.

మీరు చూసింది ఎక్కించేటప్పుడు జియోప్రైవసీలో (చోటును ఎంతవరకు చూపాలో చెప్పే సెట్టింగ్) అబ్స్క్యూర్డ్, అంటే మరుగుపరచడం, ఎంచుకోండి. పిల్లలున్న గుహ అయితే అసలు ఎక్కించకండి, జనం పోగైతే తల్లి పిల్లలను వేరే చోటికి మార్చేస్తుంది. వివరణలో వాగు పేరో, గుడి పేరో రాస్తే దాచిన చోటు బయటపడిపోతుంది. ఫొటో వెనకాల కనిపించే బోర్డులను కత్తిరించాకే పెట్టండి.